కర్నూలులో యుద్ధం నాటి మిలిటరీ ట్రక్కుకి అసలు రంగు: కల్లూరు ఎస్టేట్ షెడ్డు రివ్యూ

రెండో ప్రపంచ యుద్ధం నాటి ట్రక్కో జీపో మీ దగ్గర ఉండి, దానికి అప్పటి రంగు, అప్పటి గుర్తులే వేయించాలని పట్టుదలగా ఉంటే హైదరాబాదు, బెంగళూరు అని తిరక్కండి. మన కర్నూలులోనే, కల్లూరు ఎస్టేట్‌లో ఒక పెయింటింగ్ షెడ్డు ఉంది. బోర్డు లేదు, ఆన్‌లైన్‌లో దొరకదు, మేస్త్రీ తన పేరు ఎక్కడా రాయొద్దన్నాడు కాబట్టి నేనూ రాయడం లేదు. అందరూ ఆయన్ని చాచా అంటారు. లారీలకు బాడీలు కట్టే వరుసలో లోపలికి పోయి, పాత బళ్ళకి రంగేసే చాచా ఎక్కడ అని అడిగితే టీకొట్టు అబ్బాయి కూడా చూపిస్తాడు. నా బండికి గీకుడు దగ్గర నుంచి చివరి గుర్తు రాసేదాకా మొత్తం అక్కడే జరిగింది. పనికి నూటికి తొంభై మార్కులు వేస్తాను, టైముకి మాత్రం ముప్పై కూడా వేయను, ఆ సంగతి కింద చెప్తాను.

బండి షెవ్రొలె సి15ఎ. పదిహేను హండ్రెడ్‌వెయిట్ ట్రక్కు, అంటే మన లెక్కలో సుమారు 760 కిలోలు మోసేది. నాలుగు చక్రాలకీ డ్రైవ్ ఉంటుంది, 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిను, 85 హార్స్‌పవర్. యుద్ధకాలంలో కెనడాలోని ఫోర్డు, జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలు రెండూ కలిసి బ్రిటిష్ సామ్రాజ్యపు సైన్యాల కోసం ఒకే నమూనాలో నాలుగు లక్షలకు పైగా ట్రక్కులు చేశాయి, అందులో ఇదొకటి. యుద్ధం అయిపోయాక మన దేశంలో మిగిలినవి డిస్పోజల్‌లో అమ్మేస్తే కొన్నవాళ్ళు కలపకీ రాళ్ళకీ వాడుకున్నారు. మా బండి బేతంచెర్ల దగ్గర ఒక నాపరాళ్ళ గనిలో బండలు మోసీ మోసీ, చివరికి ఇంజిను పట్టేసి చింతచెట్టు కింద ఆగిపోయింది. ఇంజిను, గేర్‌బాక్సు, చెక్క బాడీ పని వేరే చోట్ల చేయించాను, అది ఇక్కడ రాస్తే తెమలదు. ఇది రంగు గురించిన రివ్యూ.

మామూలుగా ఏమవుతుందంటే, మిలిటరీ బండి అనగానే పెయింటు కొట్టువాళ్ళు ఒక ఆకుపచ్చ డబ్బా తీసి ముందు పెడతారు. ఏ సైన్యం, ఏ సంవత్సరం, ఏ దేశంలో తిరిగిన బండి అని ఒక్కరూ అడగరు. ఊళ్ళో ఒక పెద్ద పెయింటు షాపులో కంప్యూటర్ మిక్సింగ్ మెషీను ఉందంటే పోయాను. ఫోనులో ఏదో సినిమా ఫోటో చూపించి ఇదే కదా సార్ అని లీటరు కలిపి ఇచ్చారు. రేకు ముక్క మీద కొట్టి చూస్తే, ఆరాక గోరింటాకు పచ్చ, పైగా కళ్ళు చెదిరే మెరుపు. మ్యాట్ కావాలని అడిగితే "మెరుపు లేకుంటే కొత్త రంగని ఎవరు నమ్ముతారు సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. కలిపిన రంగు వాపసు తీసుకోరట, డబ్బులు పోయినట్టే.

నెట్‌లో దొరికే నంబర్లతో ఇంకో చిక్కు ఉంది. ఆలివ్ డ్రాబ్ (మట్టి కలిసినట్టుండే మిలిటరీ పచ్చ) కావాలంటే 34087 కలిపించుకోమని చాలామంది చెప్తారు. అది అమెరికా ఫెడరల్ స్టాండర్డ్ 595లోని నంబరు, ఆ స్టాండర్డ్ వచ్చింది 1956లో, అంటే యుద్ధం అయిపోయిన 11 ఏళ్ళకి. 1942లో ఏ డబ్బా మీదా ఆ నంబరు ఉండే వీలే లేదు. అదీగాక నా బండి కెనడా నుంచి వచ్చి బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసింది, దాని రంగులు బ్రిటిష్ స్టాండర్డ్ ప్రకారం ఉంటాయి, అమెరికా రంగుల కార్డు దానికి పనికిరాదు. అమెరికా జీపుకి వర్తించేది ఈ ట్రక్కుకి వర్తించదు, ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పేవాడు కావాలి. చాచాకి ఈ నంబర్లేవీ తెలియవు, కానీ ఆయన అడిగిన మొదటి మాటే "ఇది యాడ తిరిగింది సార్?" అని. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

రెండో నమ్మకం కుదిరింది రూల్ దగ్గర. చాలామందికి తెలియదు, సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో రూల్ 121 అని ఒకటి ఉంది. రక్షణ శాఖ బళ్ళకి తప్ప మరే బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. ఏ ఊళ్ళో చూసినా పాత జీపులకి ఆ రంగు కొట్టి తిప్పుతుంటారు, ఎవరూ ఆపకపోతే ఆపనట్టే, ఆపిన రోజు మాత్రం మనమే నిలబడాలి. చాచా మొహమాటం లేకుండా చెప్పేశాడు. "పచ్చ అయితే నేను వేయను సార్. ఈ రోజు వేసిస్తా, నంద్యాల చెక్‌పోస్ట్ కాడ ఆపుతారు, మళ్ళా ఆ రంగు గీకడానికి నా కాడికే తెస్తారు. నాకు రెండు కూలీలు, మీకు రెండు ఖర్చులు." పని ఎక్కువైతే తనకే లాభం కదా, అయినా వద్దన్నాడు చూడండి, అట్లాంటి మేస్త్రీలు ఎక్కడ దొరుకుతారు.

మరి పచ్చ కాకపోతే ఏం రంగు? దానికి జవాబు బండి మీదే దొరికింది, అది దొరికేలా చేసింది చాచానే.

ఎండా వానా తగిలిన రేకు మీద రంగు చూసి షేడ్ పట్టుకోకూడదు, అది పాలిపోయి ఉంటుంది. అందుకని డాష్‌బోర్డు మీద ఉండే ఇత్తడి ప్లేటు స్క్రూలు తీయించాడు. దాని వెనక, టూల్‌బాక్సు క్లాంపు కింద, డ్రైవరు సీటు కింద రేకు మీద, ఇట్లా వెలుగు తగలని చోట్లు వెతికాడు. సన్న వాటర్ పేపరు నీళ్ళలో తడిపి, బొటనవేలితో నొక్కుతూ రూపాయి బిళ్ళంత మేర గుండ్రంగా రుద్దుకుంటూ పోయాడు. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. అట్లా రుద్దితే కోట్లన్నీ ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా తేలతాయి. బయట వలయం గనివాళ్ళు కొట్టిన నీలం. దాని లోపల లారీ పసుపు. ఆ లోపల సన్నగా బూడిద రంగు, తర్వాత కాస్త మెరుపున్న ముదురు ఆకుపచ్చ. అందరూ చూడాలనుకునే పచ్చ అదే, నేనూ అక్కడితో ఆగేవాణ్ణే, చాచా ఆగలేదు. ఇంకొంచెం రుద్దితే పచ్చ లోపల నుంచి మట్టి రంగు వచ్చింది. చిక్కటి గోధుమ రంగు, మెరుపు అసలే లేదు. దాని లోపల ఎర్ర ప్రైమరు, ఆ లోపల తెల్లగా ఇనుము. రంగు చూసిన మూడు చోట్లా ఇదే వరస. ప్రైమరుకి ఆనుకుని ఉన్న కోటు అంటే బండికి మొట్టమొదట వేసిన రంగు అన్నమాట, పచ్చ తర్వాత ఎప్పుడో వచ్చింది.

ఈ గోధుమ రంగు సంగతి తెలిస్తే మీకూ ముచ్చటేస్తుంది. యుద్ధం మొదట్లో బ్రిటిష్ సైన్యం బళ్ళకి ఖాకీ గ్రీన్ నంబర్ 3 అనే పచ్చ వాడేవాళ్ళు. ఆ పచ్చకి క్రోమియం ఆక్సైడ్ కావాలి, యుద్ధంలో దానికి కరువొచ్చింది. దాంతో 1942 నుంచి ఎస్‌సీసీ 2 అనే గోధుమ రంగుకి మారారు. స్టాండర్డ్ కామఫ్లాజ్ కలర్ అనే మాటకి పొట్టిపేరు అది. 1944 ఏప్రిల్ నుంచి మళ్ళీ ఎస్‌సీసీ 15 అని ఆలివ్ డ్రాబ్ వచ్చింది, ఎందుకంటే అమెరికా నుంచి అప్పటికే ఆ రంగులో వస్తున్న బళ్ళకి మళ్ళీ రంగేసే పని తప్పుతుంది. కాబట్టి ప్రైమరు మీద గోధుమ రంగు ఉందంటే బండి ఇంచుమించు 1942-44 మధ్యది. క్యాబు, అంటే డ్రైవరు కూర్చునే ముందు భాగం కూడా దానికి సరిపోయింది, 1941 చివర్లో మొదలైన 13వ నంబరు క్యాబు ఇది. ఇక రూల్ 121 సంగతి అంటారా, గోధుమ రంగు ఆలివ్ గ్రీన్ కాదు. చరిత్రకీ చట్టానికీ రెండింటికీ సరిపోయే రంగు బండి తనంతట తానే చూపించింది. (రంగు ఏదైనా ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వస్తే ఆర్‌టీఓ ఆఫీసులో రాయించుకోవాలి, మర్చిపోకండి.)

రంగు కలపడం చూడాల్సిన పని. మెషీను లేదు. ఎల్లో ఓకర్, రెడాక్సైడ్, నలుపు, ఒక చుక్క తెలుపు, అంతే. ముందు నాకు అర్థం కావాలని డబ్బా మూత మీద పసుపులో నలుపు కలిపి చూపించాడు. ఎక్కడా ఆకుపచ్చ వేయకుండానే ఆలివ్ పచ్చ వచ్చేసింది. "మిలిటరీ పచ్చ ఇంతే సార్, ఇందులో పచ్చ ఉండదు" అన్నాడు. తర్వాత ఎరుపు కలుపుకుంటూ గోధుమకి తెచ్చాడు. ప్రతిసారీ రేకు ముక్క మీద కొట్టి, పూర్తిగా ఆరాకే అసలు దాని పక్కన పెట్టి చూశాడు, ఎందుకంటే మ్యాట్ రంగు తడిలో ఒకలా ఆరాక ఇంకోలా ఉంటుంది. చూడటం కూడా షెడ్డులో ట్యూబులైటు కింద కాదు, బయట నీడలో, పొద్దున పూట. ట్యూబులైటు కింద ఒకటిగా కనపడిన రెండు షేడ్లు ఎండలోకి తెస్తే వేరువేరుగా తేలడం నా కళ్ళారా చూశాను. సరిపోయింది అనుకున్నాక ఏ రంగు ఎన్ని గ్రాములో కాటా మీద తూచి, చీటీ మీద రాసి నాకిచ్చాడు. రేపు మడ్‌గార్డు గీసుకుపోతే మళ్ళీ అదే షేడ్ కలుపుకోవచ్చు. ఈ చీటీ ఇచ్చే అలవాటు ఒక్కటి చాలు నేను ఈ షెడ్డుని పదిమందికి చెప్పడానికి.

మెరుపు గురించి మాత్రం గట్టిగా పట్టుబట్టాను, మీరూ పట్టుబట్టండి. మనవాళ్ళకి రంగు అంటే మెరవాలి. షెడ్డులో కుర్రాళ్ళు పైన మెరుపు కోసం క్లియర్ కోటు కొడతామని రోజూ అడిగారు. వాళ్ళకి నేను క్యాబు ముందు అద్దం చూపించాను. ఈ 13వ నంబరు క్యాబుకి అద్దం నిటారుగా ఉండదు, పైభాగం ముందుకి వంగి నేలవైపు చూస్తున్నట్టు ఉంటుంది. పైనుంచి పోయే విమానానికి ఎండలో అద్దం తళుక్కుమని కనపడకూడదని అట్లా పెట్టారు. అద్దాన్నే వంచినవాళ్ళు రేకుని మెరిపించుకుంటారా? ఆ మాటతో క్లియర్ కోటు గొడవ ఆగిపోయింది. ఆగడమే కాదు, ఆ తర్వాత షెడ్డుకి ఎవరొచ్చినా ఆ కుర్రాళ్ళే అద్దం దగ్గరికి తీసుకుపోయి చూపించడం మొదలుపెట్టారు.

మ్యాట్ చేయడంలో కూడా మంచీ చెడూ ఉన్నాయి. కొంతమంది మామూలు మెరిసే పెయింటులో టాల్కం పౌడరు కలిపి మెరుపు చంపుతారు. రెండు వానలకి అది సుద్దలా చేతికంటుకుంటుంది, చోటుకో రకంగా మచ్చలు పడుతుంది. చాచా కంపెనీవాళ్ళ మ్యాట్ బేసే వాడతాడు. ఏ మ్యాట్ అయినా మెరుపు తగ్గించే పొడి రంగులో అడుగుకి దిగిపోతుంది, కాబట్టి స్ప్రే గన్నులో పోసే ప్రతిసారీ డబ్బా అడుగుదాకా కలియబెట్టాలి, లేకపోతే ఒక తలుపు మ్యాట్, ఇంకో తలుపు సగం మెరుపు. గన్ను రేకుకి ఒకే దూరంలో పోవాలి. రెండు వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట పట్టీ తేలుతుంది, మెరిసే పెయింటు అయితే పాలిష్ పట్టి సరిచేయొచ్చు, మ్యాట్‌కి పాలిష్ పెడితే అక్కడ మెరుపొచ్చి పని పూర్తిగా చెడుతుంది. చాచా చెయ్యి ఎంత స్థిరమో నా బానెట్ చూస్తే తెలుస్తుంది, ఏ మూల నుంచి వంగి చూసినా పట్టీ కనపడదు.

టూకే పీయూ (హార్డనర్ కలిపి కొట్టే పాలీయూరిథేన్ రంగు) వేయమంటారా, మామూలు సింథటిక్ ఎనామిలా అని అడిగాడు. పీయూ ఎక్కువ కాలం నిలుస్తుంది, డీజిలు పడినా చెక్కుచెదరదు, అది నిజం. కానీ అందులో కలిపే హార్డనర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది, గాలి పైపు ఉన్న మాస్కు లేకుండా అది పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, ఆ మాస్కు ఆ షెడ్డులో లేదు. నా బండి అందం కోసం ఒక కుర్రాడి ఊపిరి పణం పెట్టలేను. సింథటిక్ ఎనామిలే వేయించాను. యుద్ధకాలం నాటి రంగుకి అదే దగ్గర, గీత పడితే బ్రష్షుతో దిద్దుకోవచ్చు కూడా.

కర్నూలు ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది. ఏప్రిల్లో పదకొండు దాటితే రేకు మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి రంగు గన్నులోంచి రేకు చేరేలోపే ఆరి ఇసుకలా గరుగ్గా పడుతుంది. అందుకని తెల్లారుజామున, నేలంతా నీళ్ళు చల్లి దుమ్ము అణిగాక మొదలుపెట్టి, ఎండ ముదరకముందే గన్ను కడిగేసేవాడు. దుమ్ము పడకుండా రంగు కొట్టే స్ప్రే బూత్ లేదు, నాలుగు పక్కలా తడి గోనెపట్టాలు కట్టి చేసిన గది అది. అయినా క్యాబు మీద దుమ్ము నలక వెతికితే గానీ దొరకదు. వెనక చెక్క బాడీ మీద కొంచెం ఉంది, అది పెద్ద పట్టింపు కాదు.

ఇక గుర్తులు. నన్నడిగితే రంగు కన్నా ఇక్కడే ఎక్కువ బళ్ళు పాడవుతున్నాయి. మిలిటరీ బండి అనగానే బానెట్ మీద పెద్ద తెల్ల నక్షత్రం స్టిక్కరు అంటించేస్తారు. ఆ నక్షత్రం అమెరికా సైన్యానిది, 1944లో నార్మండీ దాడికి ముందు మిత్రరాజ్యాల బళ్ళకి కూడా వేశారు. నా బండి మీద ఎక్కడ గీకినా నక్షత్రం ఆనవాలు లేదు, కాబట్టి వేయించలేదు. చూసినవాళ్ళంతా ఏంటి స్టార్ లేదా అంటున్నారు, అననీయండి.

ఉన్నవాటి సంగతి చెప్తాను. ముందు మడ్‌గార్డు మీద నీలం, పసుపు, పచ్చ తీశాక మూలకి చీలిన చదరం ఒకటి బయటపడింది, పై సగం ఎరుపు, కింది సగం ఆకుపచ్చ. చాచా పేపరు వేయడం ఆపేసి, నీళ్ళ గుడ్డతో అద్ది, నన్ను పిలిచాడు. ఆ ఎరుపు-పచ్చ చదరం సర్వీస్ కోర్ గుర్తు, మన దగ్గర రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. సైన్యానికి తిండి, పెట్రోలు, సామాను మోసేది వాళ్ళే. ఇంజనీర్లకైతే నీలం, ఫిరంగి దళానికైతే పైన ఎరుపు కింద నీలం. చదరం మధ్యలో తెల్లగా యూనిట్ నంబరు ఉండాలి, మాది చెరిగిపోయింది, ఎంత చూసినా చదవడానికి రాలేదు. ఎవరో నెట్ చూసి ఒక నంబరు రాయించుకోమన్నారు. రాయించలేదు. చదరం మాత్రమే దిద్దించాను, నంబరు చోటు ఖాళీ. వేరే యూనిట్ వాళ్ళ నంబరు మన బండి మీద రాసుకుంటే అది వాళ్ళ చరిత్రని ఎత్తుకొచ్చినట్టే.

డివిజన్ గుర్తు దగ్గర టెంప్టేషన్ ఇంకా ఎక్కువ. బర్మా యుద్ధంలో పోరాడిన మన డివిజన్ల గుర్తులు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. 5వ ఇండియన్ డివిజన్‌కి నల్ల చదరంలో ఎర్ర గుండ్రం, 7వ డివిజన్‌కి నలుపు మీద బంగారు బాణం, 17వ డివిజన్‌కి వీపు పైకెత్తిన నల్ల పిల్లి, 23వ డివిజన్‌కి పందెం కోడి. మా తమ్ముడైతే నల్ల పిల్లి వేయించాల్సిందే అని వారం గొడవ. ఆనవాలు దొరికితే కళ్ళకద్దుకుని వేయించేవాణ్ణి, దొరకలేదు, వేయించలేదు.

బానెట్ పక్కన పచ్చ రంగు కింద తెల్లగా జెడ్ అక్షరం, దాని వెనక రెండు అంకెలు బయటపడ్డాయి. బ్రిటిష్ పద్ధతిలో బండి రకాన్ని బట్టి నంబరు ముందు ఒక అక్షరం ఉంటుంది, మోటార్‌సైకిలుకి సి, కారుకి ఎం, పెద్ద లారీకి ఎల్, ఇట్లాంటి చిన్న ట్రక్కుకి జెడ్. మిగతా అంకెలు గని రాళ్ళు రాసుకుపోయి మాయమయ్యాయి. ఇక్కడ చాచా ఇచ్చిన సలహా బంగారం. "ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేద్దాం సార్, దాని చుట్టూ టేపు వేసి రంగు కొడతా." అట్లాగే చేశాడు. అరచెయ్యంత మేర అసలు గోధుమ రంగు, దాని మీద అసలు జెడ్, తాకితే చెదరకుండా పైన పల్చటి మ్యాట్ వార్నిష్. కొత్త రంగు సరిగ్గా కలిసిందా అని ఎవరికి అనుమానం వచ్చినా ఆ చోటే చూపిస్తాను, అంచు దగ్గర తేడా పట్టుకోవడం కష్టం.

ముందు వైపు పసుపు గుండ్రంలో నల్ల 5 అంకె కూడా దొరికింది. అది వంతెన గుర్తు, బండి బరువుని బట్టి ఏ వంతెన మీద పోవచ్చో కాపలావాడు దూరం నుంచే చూసి చెప్పడానికి. ఇది రాయడానికి చాచా ఒక పెద్దాయన్ని పిలిపించాడు. ఒకప్పుడు లారీల నంబర్లు, షాపుల బోర్డులు రాసిన చెయ్యి, ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన మనిషి. స్టిక్కరు కటింగ్ అయితే పది నిమిషాల్లో అయిపోయేది, కానీ వినైల్ అంచు మ్యాట్ రంగు మీద మెరుస్తూ పైకి తేలి కనపడుతుంది, చేత్తో రాసింది రేకులో కలిసిపోతుంది. ఆయన అలవాటుకొద్దీ 5 తోకకి ఒక వంపు తిప్పి, పక్కన ఎర్ర నీడ పెట్టాడు, లారీ మీద అయితే అద్భుతం. పాత ఫోటో చూపించి, మామా, అప్పట్లో సాదాగా రాసేవాళ్ళు అంటే ఏమీ అనుకోకుండా తుడిచేసి మళ్ళీ రాశాడు. ఎడమ చేతిలో కర్ర ఆనించుకుని, కుడి చేత్తో ఊపిరి బిగబట్టి ఒకే గీతలో దించాడు.

అన్నిటికన్నా చాచాకి నచ్చింది వెనక ఇరుసు మధ్యలోని గుండుకి తెల్లరంగు వేయడం. రాత్రిపూట హెడ్‌లైట్లు ఆర్పి వరసగా పోయేటప్పుడు, బండి కింద ఒక చిన్న దీపం ఆ తెల్లటి చోటు మీద మాత్రమే పడేలా పెట్టేవాళ్ళు, వెనకబండి డ్రైవరు దాన్ని చూస్తూ నడుపుకోవాలి, పై నుంచి ఎవరికీ కనపడదు. ఇది విన్నాక ఆయనే కింద పడుకుని వేశాడు, కుర్రాళ్ళకి ఇవ్వలేదు.

ఒక హెచ్చరిక. పైకి చూసే బాణం గుర్తు మాత్రం నంబరు ముందు ఎట్టి పరిస్థితుల్లోనూ రాయించకండి. నేటికీ మన సైన్యం బళ్ళ నంబర్లు ఆ బాణంతోనే మొదలవుతాయి, ప్రైవేటు బండి మీద అది ఉంటే పోలీసులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ఇప్పుడు ఫిర్యాదులు. ఒకటి, టైము. సంక్రాంతికి ఇస్తానన్న బండి ఉగాది దాటాక వచ్చింది. మధ్యలో ఎవరిదో పెళ్ళి కారు, ఎవరిదో ఇన్సూరెన్సు బండి వస్తే మనది పక్కకి నెడతాడు, ఫోను ఎత్తడు. మనిషి ఎదురుగా పోయి నిలబడితేనే పని కదులుతుంది. రెండు, కుర్రాళ్ళకి మన రోడ్డు లారీల అలవాటు పోదు, ఛాసిస్ నలుపు, చక్రాలు సిల్వర్ అన్నట్టే ఉంటారు. నేను లేనప్పుడు వెనక ఛాసిస్ కొంత మేర నల్లరంగు కొట్టేశారు. చాచా చూసి, డబ్బులడక్కుండా మళ్ళీ గోధుమ రంగు వేయించాడు గానీ గ్రీజు నిపుల్స్ మీద రంగు కోట్లు అట్లే ఎక్కాయి, అవి నేను విప్పి శుభ్రం చేసుకోవాల్సి వచ్చింది. మూడోది అన్నిటికన్నా పెద్దది. పాత రంగుల్లో సీసం ఉంటుంది, అయినా పొడిగా గీకేటప్పుడు ఎవరూ మాస్కు పెట్టుకోరు. మాస్కులు నేనే కొనిచ్చాను, పై పొరలన్నీ తడిపే రుద్దాలని ఒప్పించాను. మీరు పోయేటట్టయితే పని మొదలయ్యే రోజే ఈ మాట తేల్చుకోండి, దీని మీద మాత్రం సర్దుకుపోకండి.

ఖర్చు, రంగు, ప్రైమరు, కూలీ, గుర్తులు రాసినాయన కూలీ అన్నీ కలిపి లక్షా ముప్పై వేల దాకా అయింది. పక్కా బిల్లు అడిగితే ఇస్తాడు, కానీ అడగాలి. మెరిసే రంగు వేసి రెండువారాల్లో ఇచ్చేవాళ్ళు ఇందులో సగానికే దొరుకుతారు, అది కావాలనుకునేవాళ్ళకి ఈ షెడ్డు పనికిరాదు.

వాడుక గురించి రెండు మాటలు. మ్యాట్ రంగుకి వేలిముద్రలు, డీజిలు మరకలు ఇట్టే పడతాయి. షాంపూ నీళ్ళతో మెత్తగా కడుక్కోవాలి, వ్యాక్స్ పెట్టొద్దు, సర్వీస్ సెంటరువాళ్ళు టైర్లకి కొట్టే మెరుపు ద్రవం బాడీ మీద పడనీయొద్దు.

జీపు ఉన్నవాళ్ళు రూల్ 121 చూసి నీరసపడక్కర్లేదు. బండి ఉత్తర ఆఫ్రికా యుద్ధంలో తిరిగిందని ఆధారం ఉంటే అక్కడి లైట్ స్టోన్ అనే ఇసుక రంగు వేయించుకోవచ్చు, మన 4వ ఇండియన్ డివిజన్ పోరాడిన ఎడారి అదే, చట్టానికీ అడ్డం రాదు. ఆధారం లేకపోతే ముందు ప్లేటు వెనక గీకించి చూడండి, చాచా ఆ గీకుడుకి విడిగా డబ్బులు తీసుకోడు. వేసవి మొదలుకాకముందే, దసరా వెళ్ళాక పోతే మంచిది, అప్పుడు రంగు బాగా కూర్చుంటుంది. బండి మొత్తం లాక్కుపోయే ముందు విప్పడానికి వచ్చే రేకు ముక్క ఒకటి, అసలు రంగు ఉన్నది, సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. పొద్దున పది లోపు పోతే ఖాళీగా దొరుకుతాడు. పని అయ్యాక గ్రాముల చీటీ, మిగిలిన రంగు డబ్బా రెండూ అడిగి తెచ్చుకోండి.